మసి కాగితం మీద గీతలు

1921లో అమెరికాలోని బర్క్‌లీలో జాన్ లార్సన్ అనే పోలీసు ఉద్యోగి అబద్ధాలను పట్టడానికి ఒక యంత్రం తయారుచేశారు. శరీరధర్మశాస్త్రంలో డాక్టరేటు ఉన్న పోలీసు ఆయన! జబ్బకు రక్తపోటు పట్టీ, ఛాతీకి ఊపిరి కొలిచే గొట్టం. తిరుగుతున్న మసి కాగితాన్ని సన్నని ముల్లు గీకుతూ పోతుంటే తెల్లని గీతలు పడేవి. విద్యార్థినుల హాస్టల్లో దొంగతనాలు జరిగితే దీనితో పరీక్షించారు. గీతలు చెదిరిన అమ్మాయి తర్వాత నేరం ఒప్పుకుంది.

కానీ యంత్రం పట్టేది అబద్ధాన్ని కాదు, ఒంట్లో పుట్టే కలవరాన్ని. ఏ తప్పూ చేయనివాళ్లకు మాత్రం పోలీస్ స్టేషన్లో గుండె దడ ఉండదా? లార్సన్ ఆ తర్వాత వైద్యం చదివి మానసిక వైద్యులయ్యారు. నిందితుల్ని బెదిరించి ఒప్పించడానికి దాన్ని వాడుతున్నారని తన యంత్రాన్నే గట్టిగా విమర్శించారు. నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ నిజాయితీయే. మన సుప్రీంకోర్టు కూడా 2010లో, మనిషి సమ్మతి లేకుండా ఈ పరీక్ష చేయరాదని తీర్పు చెప్పింది.