గడపగడపకూ వెళ్ళి అడిగిన సంవత్సరం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటాం. వాటి మీద మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఇక్కడ ఉన్నారు. అందుచేత ఈ పూట మిమ్మల్ని కాసేపు ఆఫ్రికా ఖండానికి తీసుకువెళతాను. అక్కడ ప్రజాభిప్రాయ సర్వే చేసేవారికి 2020వ సంవత్సరం ఎలా గడిచిందన్నది నా విషయం. మనకెందుకయ్యా ఈ గొడవ అని ముందు వరుసలో ఒకరిద్దరు అనుకుంటున్నట్టున్నారు. కాస్త ఓపిక పట్టండి.

సర్వీసులో ఉండగా జనాభా లెక్కలు, ఓటర్ల జాబితా సవరణ లాంటి పనులు మనలో చాలామంది మెడకు పడ్డాయి. నేనూ ఫారాలు పట్టుకుని ఎండలో తిరిగినవాణ్ణే. ఇల్లిల్లూ తిరిగి అడిగే పని అంటే అందుకే నాకు ఆసక్తి. మా అమ్మాయి కంప్యూటరులోంచి ప్రింటు తీయించి ఇచ్చిన నివేదికలు ఈమధ్య వరుసగా చదివాను.

ఆ సంస్థ పేరు ఆఫ్రోబారోమీటర్. గాలి ఒత్తిడిని బారోమీటరు కొలిచినట్టు ప్రజల మనసును కొలవాలని ఆ పేరు పెట్టుకున్నారు. 1999లో పని మొదలైంది. ఘనాకు చెందిన ఆచార్య గిమా-బోడి, దక్షిణాఫ్రికాలో పనిచేసిన రాబర్ట్ మాటెస్, అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు మైకేల్ బ్రాటన్, ఈ ముగ్గురూ దీనికి ఆద్యులు. మొదటి విడతలో 12 దేశాలు. 2021 నుంచి 2023 దాకా జరిగిన తొమ్మిదో విడతలో 39 దేశాలు, 53 వేలకు పైగా మనుషులు. ప్రధాన కార్యాలయం ఘనా రాజధాని అక్రాలో ఉంది.

ఒక్కో దేశంలో 1,200 నుంచి 2,400 మంది దాకా అడుగుతారు. ఇరవై లక్షల జనాభా ఉన్న లెసోతోకు 1,200 సరిపోతే, ఘనాలో మూడు కోట్లమందికి 2,400 ఎలా సరిపోతుంది? ఇది ఎవరికైనా వచ్చే అనుమానమే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా వెతకక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఆడవారికి ఎప్పుడో తెలుసు. గిన్నె పెద్దదైనా చిన్నదైనా మెతుకు మెతుకే. కాకపోతే అన్నం అంతటా ఒకే నిప్పు మీద ఉడుకుతుంది. దేశం అలా ఉడకదు. రోడ్డు పక్క ఊరు ఒక తీరు, అడవిలో ఊరు మరో తీరు. కాబట్టి ఏ మెతుకు పట్టాలన్నది అడిగేవాడి ఇష్టానికి వదలకూడదు.

ఎలా వదలకుండా చూస్తారో చెబుతాను, నాకు ఇందులో బాగా నచ్చిన భాగం ఇదే. జనాభా లెక్కల జాబితాలోంచి లాటరీ పద్ధతిలో ప్రాంతాలను తీస్తారు. ఒక్కో ప్రాంతంలో ఎనిమిదిమంది చొప్పున 1,200కు 150 ప్రాంతాలు. అడిగేవాళ్ళు నలుగురు, పైన ఒక సూపర్‌వైజరు. నలుగురూ ఒకచోటినుంచి నాలుగు దిక్కులకు నడుస్తారు. సాధారణంగా ఆనాటి తేదీలోని అంకెలు కూడితే ఎంత వస్తుందో అన్నో ఇల్లు మొదటిది. 14వ తేదీ అయితే ఒకటీ నాలుగూ అయిదు, అంటే అయిదో ఇల్లు. అక్కణ్ణుంచి పదిళ్ళు లెక్కపెట్టుకుని పదో ఇల్లు. ఒక ఇంట్లో మగవారిని అడిగితే తరువాతి ఇంట్లో ఆడవారిని అడగాలి. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటిన ఆడవాళ్ళు నలుగురుంటే నలుగురి పేర్లూ రాసి చీటీ తీయాలి. ఇప్పుడు ఆ పని చేతిలోని టాబ్లెట్టే చేస్తుంది. పేరు వచ్చిన మనిషి పొలం వెళ్ళి ఉంటే ఎప్పుడు వస్తుందో కనుక్కుని మళ్ళీ రావాలి. ఆమె మాట్లాడనంటే ఆ ఇంటినే వదిలి ఇంకో ఇంటికి పోవాలి తప్ప, అదే ఇంట్లో అరుగు మీద ఖాళీగా కూర్చున్న మరొకరిని అడగడానికి వీల్లేదు.

ఇంత చాదస్తం దేనికి? జనాభా లెక్కల్లో మనం గడప దగ్గర నిలబడితే ఇంటి యజమాని వచ్చి అందరి వయస్సులూ, చదువులూ గడగడా చెప్పేవాడు. ‘మా అమ్మకు డెబ్భై ఉంటాయి రాసుకోండి’ అనేవాడు. ఆవిడ లోపల గదిలోనే ఉండేది. వయస్సు ఎవరు చెప్పినా రాసుకోవచ్చు, నియమం కూడా దానికి ఒప్పుకుంటుంది. అభిప్రాయం అలా కాదు. ‘మా అమ్మకు ఈ ప్రభుత్వం మీద నమ్మకం ఉంది’ అని కొడుకు చెబితే అది కొడుకు అభిప్రాయం. ఆ లోపలి గదిలోని మనిషి దాకా వెళ్ళడానికే ఈ తేదీలు, చీటీలు, తిరుగుళ్ళు అన్నీ. ఆమెకు వచ్చిన భాషలోనే అడగాలి. ఘనాలో ట్వి, ఎవే, గా, దగ్బానీ. నైజీరియాలో హౌసా, ఇగ్బో, యొరూబా. ‘నాకు తెలియదు’ అంటే అదీ ఒక జవాబే, దానికీ గడి ఉంది.

ఇక 2020. ఎనిమిదో విడత సర్వే 2019లో మొదలై 18 దేశాల్లో పూర్తయింది. మార్చి నెలలో కోవిడ్ వచ్చి పని ఆగింది. మన 2021 జనగణన వాయిదా పడిందీ ఆ మహమ్మారి వల్లనే కదా. అదే మార్చిలో మాటెస్ రాసిన నివేదిక ఒకటి వెలువడింది. గడచిన ఏడాదిలో మీ ఇంట్లో ఎన్నిసార్లు తిండి, మంచినీళ్ళు, మందులు, వంటచెరకు, చేతిలో డబ్బు లేకుండా గడిచింది? ఒక్కసారీ లేదా, ఒకటి రెండుసార్లా, చాలాసార్లా, ఎప్పుడూనా? ఈ ప్రశ్నను వాళ్ళు ప్రతి విడతలోనూ అడుగుతారు. పదేళ్ళపాటు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చిన లేమి మళ్ళీ పెరుగుతోందని ఆ నివేదిక తేల్చింది. ఆ అంకెలు 2016–18 నాటివి, అంటే మహమ్మారికి ముందువే. ఆ స్థితిలో ఉన్న ఇళ్ళ మీద లాక్‌డౌన్లు వచ్చి పడ్డాయి. సరిగ్గా అడగవలసిన సమయంలో అడిగే దారి మూసుకుపోయింది.

అప్పుడు చాలామంది ఫోను పట్టుకున్నారు. ప్రపంచ బ్యాంకు కూడా అనేక ఆఫ్రికా దేశాల్లో ఫోను సర్వేలు జరిపింది. ఆ అత్యవసర సమయంలో అవి ఉపయోగపడ్డాయి, కాదనను. అయితే ఫోనులో దొరికేది ఫోను ఉన్నవారే. కరెంటు లేని ఊళ్ళో ముసలమ్మ దొరకదు. మనలో ఎంతమందికి జీవన ప్రమాణ పత్రం కోసం మిషను మీద వేలు పెడితే ముద్ర పడక, బతికే ఉన్నామని మనిషిగా వెళ్ళి చూపించవలసి వచ్చిందో మీకే తెలుసు. (నవ్వులు) యంత్రానికి అందకపోతే మనిషి లేనట్టే లెక్క.

ఆఫ్రోబారోమీటర్ వాళ్ళు ఆగారు. అక్టోబరులో మాస్కులు, ఎడం పాటించడం వంటి జాగ్రత్తలతో మళ్ళీ గడపల దగ్గరికే వెళ్ళారు. 2021లో ముగిసేసరికి మొత్తం 34 దేశాలు. ఆ ఆలస్యం వల్ల మార్చికి ముందు అడిగిన దేశాలనూ, అక్టోబరు తరువాత అడిగిన దేశాలనూ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు జాగ్రత్త పడాలి. ఆ లోటు ఉన్నా వాళ్ళు చేసిందే మంచిదని నా అభిప్రాయం.

ఎందుకంటే బెనిన్, లైబీరియా, నైజర్, సెనెగల్, టోగో, ఈ అయిదు దేశాల్లో టీకా వస్తే వేయించుకుంటారా అని అడిగితే పదిమందిలో ఆరుగురు వేయించుకోకపోవచ్చునన్నారు. ప్రభుత్వం మీద నమ్మకం తక్కువగా ఉన్నచోట సంకోచం ఎక్కువ అని కూడా కనబడింది. 2021 మార్చిలో ఈ ఫలితం బయటపెట్టారు. టీకాలు తెప్పిస్తే సరిపోదు, ముందు నమ్మకం సంపాదించాలని ఆరోగ్య శాఖలకు చెప్పే కాగితం అది.

చేదు ఫలితాలూ ఉన్నాయి. తొమ్మిదో విడతలో నూటికి 66 మంది ప్రజాస్వామ్యమే మేలన్నారు, 80 మంది ఒక్కడి పాలన వద్దన్నారు. అదే జనంలో 53 మంది, ఎన్నికైన నాయకులు అధికారాన్ని సొంతానికి వాడుకుంటే సైన్యం జోక్యం చేసుకోవచ్చునన్నారు. మాలి, గినీ, బుర్కినా ఫాసో, నైజర్, గబాన్ దేశాల్లో 2020–23 మధ్య సైనిక కుట్రలు జరిగాయన్నది గుర్తుంచుకుని ఈ అంకెను చదవాలి. ఇది సైన్యం మీద ప్రేమ అని నేననుకోను, ఓటేసి గెలిపించినవాళ్ళ మీద విసుగు.

ఇంకో ప్రశ్న సంగతి చెప్పి ముగిస్తాను. అన్నీ అయ్యాక చివర అడుగుతారు: ‘మమ్మల్ని ఎవరు పంపారనుకుంటున్నారు?’ మొదట్లోనే మేము ప్రభుత్వం మనుషులం కాము అని చెప్పినా, సర్కారే పంపిందనేవారు చాలామంది. కాగితం పట్టుకొచ్చినవాడు సర్కారువాడే అనుకోవడం అక్కడా ఉందన్నమాట! పరిశోధకులు ఈ జవాబును మిగతా జవాబులతో పోల్చి చూశారు. స్వేచ్ఛ తక్కువగా ఉన్న దేశాల్లో, సర్కారు పంపిందనుకున్నవారు ప్రభుత్వాన్ని కాస్త ఎక్కువగా మెచ్చుకున్నారు. భయం ఎంత ఉందో తెలుసుకోవడానికి ఆ ఒక్క ప్రశ్న పనికివచ్చింది. తమ లెక్కలో తప్పు ఎక్కడ దూరే వీలుందో తామే అడిగి రాసుకోవడం నేను ఏ ఫారంలోనూ చూడలేదు.

డబ్బు ఎవరిస్తారు అని మన కోశాధికారి గారు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. ఎక్కువ భాగం బయటి దేశాల ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు ఇస్తూ వచ్చాయి. వాటిలో అమెరికావారి యు.ఎస్.ఎయిడ్ ఒకటి. 2025లో ఆ సంస్థనే మూసివేశారు. పరాయి సొమ్ముతో చేసే సర్వేను ఎంతవరకు నమ్మాలి అంటే, వీరు జవాబుల పట్టికలన్నీ మనుషుల గుర్తులు తీసేసి కొంతకాలానికి ఎవరికైనా ఉచితంగా ఇస్తారు. నమ్మనివాడు మళ్ళీ లెక్క కట్టుకోవచ్చు. వారి వెబ్‌సైటులో ఉంటాయి, మనుమలనో మనుమరాళ్ళనో అడిగితే సెల్లులో చూపిస్తారు.

కాఫీ వచ్చిందని వెనకనుంచి సైగ చేస్తున్నారు.