మధుపర్కాలు నేసే ఇల్లు

పెండ్లి పందిరిలో పట్టుచీరను నలుగురూ చూస్తారు, నగలను నలుగురూ చూస్తారు. మధుపర్కాలను పరిశీలనగా చూసేవారు అరుదు. తెల్లని నూలుబట్ట, ఎర్రని అంచు, మూలలకు పసుపు, ఇంతే కదా అనిపిస్తుంది. అయినా మంగళసూత్రధారణ వేళకు మన ఇండ్లలో చాలాచోట్ల వధూవరుల ఒంటిమీద ఉండేవి ఆ బట్టలే. జీలకర్ర బెల్లం ముగిసిన పిమ్మట వాటిని కట్టుకొని వచ్చే ఆచారం కొందరిది; మొదటినుంచీ వాటితోనే పీటలమీద కూర్చునే ఆచారం మరికొందరిది.

మధుపర్కమన్నది మొదట బట్ట పేరే కాదు. తేనె, పెరుగు, నేయి కలిపి ఇంటికి వచ్చిన పూజ్యుడైన అతిథికి అందించే పదార్థానికి అది పేరు. పెండ్లినాడు వరుడు కూడ అట్టి అతిథియే గనుక అతనికీ మధుపర్కమిచ్చేవారు. ఆ సందర్భంలో పెట్టే వస్త్రాలకు క్రమంగా ఆ పేరు సంక్రమించింది. తినేది మరుగున పడింది, కట్టేది నిలిచింది.

ఆ కట్టేది ఎట్లా పుడుతున్నదో చూడవలెనన్న కోరికతో మేము కార్తికమాసంలో ఒక ఉదయం బండారులంక వెళ్ళాము. గౌతమీ వసిష్ఠల నడుమ ఉన్న కోనసీమలో, అమలాపురం మండలంలో ఉన్నదీ గ్రామం. కోనసీమ అనగానే కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు తలపుకు వస్తాయి. మగ్గం తలపుకు రాదు. కాని ఆ వీధిలో అడుగుపెట్టేసరికి ముందుగా చెవిని పడేది మగ్గం చప్పుడే. పలక పడే దెబ్బ, దానివెంట నాడె పరుగు, మళ్ళీ దెబ్బ.

మేము చూడబోయిన ఇంట రెండు మగ్గాలున్నాయి. ఇంటి పెద్దకు డెబ్బైయేళ్ళు దాటాయి. ఆయన భార్య, కుమారుడు, కోడలు, అమలాపురంలో కళాశాలకు వెళ్ళే మనుమరాలు, ఈ అయిదుగురూ ఆ కార్ఖానా. యజమానీ వారే, పనివారూ వారే. "రండి బాబూ, చూసి అడుగేయండి, గుంటలున్నాయి" అని పెద్దాయన హెచ్చరించారు. నేల తవ్విన గుంటలో కాళ్ళు దించి, నేలమట్టాన కూర్చుని నేసే గుంటమగ్గాలవి. వాకిట్లోనుంచి వచ్చినవారికి చీకటిలో ఆ గుంట కనబడదు.

మేము నేరుగా మగ్గం దగ్గరకే పోయాము. పెద్దాయన నవ్వి, "బట్ట ఇక్కడ మొదలవదండీ, అక్కడ" అని పెరటి వసారా చూపించారు. అక్కడ ఆయన భార్య రాట్నం ముందు కూర్చుని చిలపల నూలును కండెలకు చుడుతున్నది. ఆమె చేతిలోనిది నూరవ నంబరు నూలు. ఈ నంబరు అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అంత నంబరు. నూరవ నంబరయితే ఒక పౌను నూలు 84,000 గజాలు, అనగా 47 మైళ్ళకు పైమాట. అమలాపురంలో ఒక కొస పట్టుకుని బయలుదేరితే రాజమహేంద్రవరం చేరి ఇంకా మిగులుతుంది. అంతటి సన్నని పోగు తెగకుండా ఆమె వ్రేళ్ళ మధ్యనుంచి జారుతున్నది. చూపు ఆనడంలేదుట, వేలికి తెలుస్తుందని చెప్పింది.

పడుగు పని ఇంకొక ఎత్తు. పడుగును వీధిలో బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, పోగుకు పోగు అంటకుండా ఆరనివ్వాలి. ఎండ ముదరకముందే ఇది కావాలి. ఎండ ముదిరితే పోగు పెళుసు బారుతుంది, మబ్బు పట్టితే ఆరదు. ఒక ఇంటివారికి చాలే పని కాదు గనుక ఇరుగుపొరుగులు వచ్చి ఒకరికొకరు సాయపడుతారు. వానాకాలమంతా ఈ పని వానదేవుని దయమీద జరుగుతుంది.

తరువాత అచ్చు అతకడం. మగ్గంమీద పాత పడుగు అయిపోవస్తుండగా దాని కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటిగా కలపాలి. అంగుళానికి 70 పోగులు, 46 అంగుళాల పన్నా అనుకుంటే 3,220 పోగులు. వ్రేళ్ళకు బూడిద రాసుకుని పోగునూ పోగునూ మెలిపెట్టి అతుకుతారు. ముడి వేయరు, ముడి వేస్తే అచ్చులో పట్టుకుంటుంది. మేమున్నంతసేపూ కోడలు ఆ పని మీదనే ఉన్నది. మాతో మాటలాడింది, పొయ్యిమీది అన్నం సంగతి మనుమరాలికి పురమాయించింది, చేయి మాత్రం ఆగలేదు. ఒక పోగు తప్పితే ఏమవుతుందని అడిగాము. "చీర పొడుగునా గీత పడిపోద్దండి. పెళ్ళివారు చూడకపోయినా షావుకారు చూస్తాడండి" అన్నది.

షావుకారు మాట వచ్చింది గనుక లెక్క చెప్పుకోవాలి. నూలు షావుకారిది, రంగు షావుకారిది, నమూనా కూడ ఆయనదే. నేతగానికి వచ్చేది మజూరీ. ఆ మజూరీ చీర ఒక్కింటికి ఇంత అని కడతారు. కండె చుట్టిన ముసలమ్మకు వేరే లేదు; అచ్చు అతికిన కోడలికి వేరే లేదు; పడుగు సరిచేసిన పొరుగువారికి కూడ వేరే లేదు. మగ్గంమీద కూర్చున్న ఒక్క మనిషి పేర నలుగురి పని లెక్కకు వస్తుంది. 2019-20 నాటి అఖిలభారత చేనేత గణనలో నేతవారు, నేతకు అనుబంధమైన పనులు చేసేవారు కలిసి 35 లక్షలకు పైగా తేలారు. వారిలో పదింట ఏడుగురు స్త్రీలు. గణనలో చేరారు, మంచిదే. మజూరీ చీటీలో వారింకా చేరలేదు.

మగ్గం దగ్గరకు వస్తాము. కుమారుడు నేస్తున్నది వధువు మధుపర్కం. ఎర్ర అంచు రెండు విధాలుగా వస్తుంది. పడుగులో అంచుమేర ఎర్రపోగు పెట్టి, పేకగా తెల్లనూలే ఈ కొసనుంచి ఆ కొసకు తోలితే, ఎరుపులో తెలుపు కలిసి అంచు వెలవెలబోయి కనిపిస్తుంది. నిండైన ఎరుపు కావాలంటే అంచులో పేక కూడ ఎర్రదే కావాలి. అందుకు మూడు నాడెలు కావాలి. నడిమి తెలుపుకు ఒకటి, అటు అంచుకు ఒకటి, ఇటు అంచుకు ఒకటి. ప్రతి వరుసలోనూ తెల్లపేకా ఎర్రపేకా కలుసుకునే చోట ఒకదానినొకటి కొక్కెంలా పట్టుకుని వెనుదిరగాలి. ఆ పట్టు వదులైతే అంచు విడిపోతుంది, బిగుసుకుంటే బట్ట ముడతపడుతుంది. పని మూడింతలు కాదుగాని రెండింతలకు తక్కువ కాదు. ఈ తేడా తెలుసుకోవడానికి పెద్ద విద్య అక్కరలేదు. అంచును వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే చాలు.

ఆ ఎరుపుకు వెనుక ఒక చరిత్ర ఉన్నది. మన తీరంలో పూర్వం చిరివేరుతో ఎరుపు అద్దేవారు. ఉతికినకొద్దీ నిగారించే రంగని దానికి దేశాంతరాలలో పేరు. 1868లో జర్మను శాస్త్రజ్ఞులు మంజిష్ఠలోని ఎర్రరంగు పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేయడంతో వేళ్ళు తవ్వేవారికి పని పోయింది. ఇప్పుడు వచ్చేవన్నీ కొట్టులో కొన్న రంగులే. అయినా మధుపర్కం విషయంలో నేతవారు ఒక పట్టింపు విడువలేదు: ఎరుపు తెలుపులోకి దిగరాదు. పసుపునీళ్ళు, తలంబ్రాలు, చెమట అన్నీ దానిమీద పడతాయి మరి. రంగు వేసిన నూలును ముందే ఉడకబెట్టి, తెల్లగుడ్డలో చుట్టి పిండి చూస్తామని పెద్దాయన చెప్పారు.

రెండవ మగ్గం మీద పట్టుచీర ఉన్నది. జాందానీ నేత. ఉప్పాడ పేరుతో 2009లో భౌగోళిక గుర్తింపు పొందినది ఈ నేతే. బుటా ఉన్నచోట మాత్రమే చిన్న కండెతో చేతితో పోగు చొప్పించి, అక్కడికక్కడే తిప్పి ముగిస్తారు. అందుచేత బట్టకు వెనుకవైపున వ్రేలాడే పోగులుండవు. ఏది లోపలో ఏది పైనో పోల్చుకోవడం కష్టం. యంత్రపు నేతలో బుటాకూ బుటాకూ నడుమ పోగులు సాగి ఉంటాయి, లేదా కత్తిరించి ఉంటాయి. బుటాలు దట్టమైన చీరకు ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుంటారు. మేము గడియారం పెట్టుకుని చూశాము. అరగంటలో బట్ట రెండు వ్రేళ్ళ వెడల్పు కూడ పెరగలేదు.

పెండ్లిబట్ట ఒక కుటుంబమంతటి చేతి పని కావడం మనవద్ద మాత్రమే ఉన్న సంగతి కాదు. ఇటలీలో వెనిస్ నగరం ప్రక్కన బురానో అనే దీవి ఉన్నది. చుట్టూ ఉప్పునీరు, నడుమ చేపలు పట్టేవారి ఇండ్లు. మన లంకలను పోలినదే. అక్కడి స్త్రీలు సూదితో అల్లే లేసు యూరపు అంతటా వధువుల మేలిముసుగులకు, గౌనులకు కుట్టుకునేవారు. ఒక్కొక్కతె ఒక్కొక్క కుట్టులోనే ఆరితేరుతుంది. అందుచేత ఒక లేసుముక్క పూర్తి కావడానికి పలువురి చేతులు మారాలి. 1872లో అక్కడ లేసు పాఠశాల పెట్టారు, 1970లో మూసివేశారు. నేర్చినవారు కొందరు నేటికీ అల్లుతూనే ఉన్నారు. తెల్లగౌను కూడ అనాదిది కాదు. 1840లో ఇంగ్లండు రాణి విక్టోరియా తెల్లని పట్టు, లేసు ధరించి పెండ్లాడిన తరువాతనే అది అందరికీ మర్యాద అయింది. మనకు తెలుపు మధుపర్కం అంతకు ఎంతో ముందునుంచీ ఉన్నది. ఇది గొప్పకు చెప్పడంలేదు, వరుస చెబుతున్నాము.

ఇంకొక చిత్రం. రాజోలు ప్రాంతంనుంచి సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. దాని చెంతనున్న మాధవాయపాలెంలో పదిహేడవ శతాబ్దిలో ఆంగ్ల వర్తకులకు కొటారు ఉండేది. అక్కడినుంచి ఓడకెక్కిన మెత్తని తెల్లనూలుబట్టకు ఆ ఊరిపేరే నిలిచిపోయింది. మదపొలం అన్న మాట ఫ్రెంచి నిఘంటువులలోను, ఇటాలియన్ నిఘంటువులలోను ఈనాటికీ ఉన్నది. ఊరిని మరచినా బట్టను మరువలేదు వారు. ఈ సంగతి చెప్పగా పెద్దాయన కొంచెంసేపు ఆలోచించి, "అయితే వాళ్ళకీ మన నూలు తెలుసన్నమాట" అన్నారు.

1985లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కొన్ని రకాల చీరలు, ధోవతులు మొదలైనవి చేతిమగ్గంమీదనే నేయవలెనని దాని సారాంశం. మొదట 22 రకాలు చేర్చారు. తరువాత 11కు తగ్గించారు. 1993లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. చట్టం పుస్తకంలో ఉన్నది, మరమగ్గపు మధుపర్కం బజారులో ఉన్నది. బీరువాలో మూడునాళ్ళు కట్టి దాచే బట్టకు అంత ధర ఎందుకని కొనేవారంటారు. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. పెండ్లి ఖర్చుతో క్రుంగిన తండ్రిని చేనేత కొనలేదని నిందించడం మాకు ఇష్టంలేదు. అయితే చేనేత ధర ఇచ్చి మరమగ్గపు బట్ట తెచ్చుకునేవారు కూడ ఉన్నారు. అట్టివారికోసమే 2006లో చేనేత గుర్తు వచ్చింది, అడిగి చూసుకోవచ్చు.

మనుమరాలిని అడిగాము: "నీ పెళ్ళికి తాతగారే నేస్తారా అమ్మా?"

"మధుపర్కాలు తాతయ్యవేనండి. పట్టుచీర మాత్రం కొట్లో కొనుక్కుంటానండి."

ముసలమ్మ రాట్నం ఆపి నవ్వింది. "కొట్లో ఉండేదీ మనదేనే!"

"దాని ఖరీదు కొట్లో ఎంతుంటుందండీ?" అని కుమారుడు మమ్మల్నే అడిగాడు. మాకు తెలిసినంత చెప్పాము. అతడు తల వంచుకుని నాడె మళ్ళీ త్రోశాడు. కూతురికి నేత నేర్పుతారా అన్న ప్రశ్నకు ఆ తరువాత చాలసేపటికి జవాబు వచ్చింది. "నాకు వేరే పని రాదండి. దానికి ఈ పని రాకూడదనే చదివిస్తన్నానండి." ఈ మాటకు మావద్ద ప్రత్యుత్తరం లేదు. కళ నిలవాలని కోరేవారమంతా మన పిల్లలను ఆ గుంటలో కూర్చోబెట్టబోము గనుక ప్రత్యుత్తరం చెప్పే అర్హత కూడ లేదు. ఒక్క పెద్దాయన మాత్రం, "మజూరీ సరిగా ఉంటే ఎవరు మానతారండీ" అన్నారు.

వరదలు, తుపానులు వేరే. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో ఇంటి కప్పు పోయింది, దొడ్డిలో కొబ్బరిచెట్లన్నీ తలలు విరిగాయి. మగ్గం గుంట నిండా నీరు. కర్రలు ఆరబెట్టుకుని మళ్ళీ నిలబెట్టడానికి నెలలు పట్టిందట. 2022 జూలైలో గోదావరి పొంగి కోనసీమ లంకలు అనేకం మునిగాయి. వరద లేని ఏట కూడ ఈ నేలలో తేమకు కొదువ లేదు. శ్రావణ భాద్రపదాలలో గుంటలో నీరూరుతుంది. చెంబుతో తోడిపోసి, గోనెపట్టా పరచుకుని నేస్తారు. తేమకు పోగు సాగుతుంది, అచ్చు బిగుసుకుంటుంది. ఆషాఢంలోను, భాద్రపదంలోను, పుష్యంలోను ముహూర్తాలుండవు గనుక బేరాలూ ఉండవు. కాని మగ్గం ఆపితే గడవదు. అమ్ముడుపోని నెలలలో నేసినదే మాఘఫాల్గుణాలలో అమ్ముతారు. ఆ మూణ్ణెల్ల సరుకు మీద పెట్టుబడి ఎవరు పెడితే ధర చెప్పే హక్కు వారిదవుతుంది. షావుకారు బలమంతా అక్కడ ఉన్నది.

తమకు కావలసిన అంచుతో, పొడుగుతో మధుపర్కాలు నేయించుకోవాలనుకునేవారు మాఘమాసపు పెండ్లికి ఆశ్వయుజంలోనే చెప్పుకోవాలని ఆ ఇంటివారు మరీమరీ చెప్పారు. వరుని ధోవతి, ఉత్తరీయం, వధువు చీర మూడూ ఒకే పడుగుమీద వేయించుకుంటే ఎరుపు తేడా రాదు. ధోవతి పొడుగు ముందే చెప్పాలి. ఈ కాలపు వరులు వెనుకటివారికంటే పొడగరులట.