ఐదు తీగల మాండలిన్

1954 జులైలో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ పాడుతుంటే వెనక డ్రమ్స్ లేవు. బిల్ బ్లాక్ బేస్, స్కాటీ మూర్ ఎలక్ట్రిక్ గిటారు కలిసి ఆ వెలితిని పూడ్చాయి. రాకబిల్లీ గిటారుకు మూర్ వాయించిన తీరే ఒరవడి పెట్టింది. తర్వాతి తరంలో రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్‌కు స్ఫూర్తి ఆయనే. కరెంటు వల్ల వాయిద్యం మోత పెరగడమే కాదు, దాని పలుకే మారుతుందనడానికి మన దగ్గర ఇంకా గట్టి రుజువుంది: 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్.

మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు. మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. జంట తీగలను కలిపి పక్కకు లాగితే శ్రుతి చెదురుతుంది. స్వరాన్ని ఊగించే గమకమే ప్రాణమైన కర్ణాటక సంగీతానికి ఇది పెద్ద అడ్డంకి. శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. యాంప్లిఫైయర్ నాదాన్ని నిలబెట్టింది, ఒంటి తీగ గమకానికి లొంగింది. పరదేశీ వాయిద్యం మన రాగాలకు పనికిరాదంటారా? కర్ణాటక విద్వాంసుడు బాలుస్వామి దీక్షితర్ చేపట్టిన వయొలిన్ ఎక్కడిది మరి? పోనీ, గొప్పతనమంతా యంత్రానిదే అనుకుందామా అంటే, గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆ సంగతిని పిల్లవాడు మెట్ల మీద తనే వెతుక్కోవాలి. ఆ వేళ్లు నేర్చింది గొంతు దగ్గరే. 1978లో గుడివాడలో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ, ఆపైన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందం. 2014లో, 45 ఏళ్లకే ఆయన పోవడం మన సంగీతానికి తీరని లోటు. తమ్ముడు యు. రాజేష్ ఆ మాండలిన్ బాణీనే కొనసాగిస్తున్నారు.