చెక్కపూలతో మొదలైన పండుగ



పండుగ అనగానే మన ఆడవాళ్ళకు ముందు గుర్తొచ్చేది పని. బూజులు దులపాలి, వాకిలి కడగాలి, పిండివంటలు చెయ్యాలి. అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో పండుగ వస్తే వాకిళ్ళు కాదు, ఏకంగా ఊరి వీధినే కడుగుతారు! ఆ ఊరి సంగతి ఈవేళ మీతో చెప్పాలని వచ్చాను.

ఊరి పేరు పెల్లా. అయోవా రాష్ట్రంలో, మొక్కజొన్న చేల మధ్య ఉంది. జనాభా పదివేల పైచిలుకు. 1847లో హెండ్రిక్ షోల్టే అనే మతబోధకుని వెంట సుమారు 800 మంది హాలెండు నుంచి వచ్చి ఈ ఊరు కట్టుకున్నారు. సొంత దేశంలో ప్రభుత్వం వారి చర్చితో పొసగక, నచ్చిన పద్ధతిలో దేవుణ్ణి కొలుచుకోవాలని వచ్చినవాళ్ళు.

షోల్టేగారి భార్య మారియా సుఖంగా పెరిగిన ఇల్లాలు. ఆమె ముచ్చటపడి వెంట తెచ్చుకున్న పింగాణీ సామాను దారిలోనే పగిలిపోయిందట. ఆ పెంకులు పారెయ్యడానికి చేతులు రాక, తోటలో నడిచే బాటకు పరిపించిందని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ బాధేమిటో మనకు వేరే చెప్పాలా? వాళ్ళుండిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పక్కనే పాతకాలపు ఇళ్ళూ కొట్లూ ఒకచోట చేర్చి మరో మ్యూజియంగా పెట్టారు. అక్కడే 2002లో పెద్ద గాలిమర నిలబెట్టారు. అది ఉత్త అలంకారం కాదు, నిజంగా గోధుమలు విసురుతుంది.

ఏటా మే నెల మొదట్లో మూడు రోజులు ట్యూలిప్ పూల పండుగ. ఆడవాళ్ళు లేసు టోపీలు, పొడుగు గౌన్లు, చెక్కబూట్లు వేసుకుంటారు. ఊరి పెద్ద వచ్చి వీధి చూసి, మురికిగా ఉంది, కడగండి అంటాడు. అంతే! బకెట్లూ చీపుళ్ళూ పట్టుకుని అందరూ దిగుతారు. ఆ తరవాతే ఊరేగింపు. బేకరీల్లో బాదం ముద్ద కూరిన, ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరం ఆకారపు తీపి రొట్టెలు అమ్ముతారు.

ఇదంతా 1847 నుంచీ వస్తున్న ఆచారం అనుకుంటాం. కాదు. మొదటి పండుగ జరిగింది 1935లో. అప్పటికి చూపించడానికి ట్యూలిప్ తోటలే లేవు. వడ్రంగి చేత నాలుగడుగుల ఎత్తు చెక్కపూలు 125 చేయించి నిలబెట్టారు. అసలు దుంపలు తరవాత నాటుకున్నారు.

అంతకు పదిహేడేళ్ళ ముందు జరిగిన సంగతి ఒకటుంది. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, అయోవా గవర్నరు హార్డింగ్ ఒక ఉత్తర్వు వేశాడు. బడిలో, చర్చిలో, రైల్లో, చివరికి టెలిఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదన్నాడు. కోపం ముఖ్యంగా జర్మన్ భాష మీద. కాని డచ్చి భాషకూ అదే గతి పట్టింది. ఫోనులో జర్మన్ మాట్లాడుకున్నారని స్కాట్ కౌంటీలో కొందరు స్త్రీలు 225 డాలర్లు కట్టుకోవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక ఉత్తర్వు పోయింది. కాని అసలే పిల్లల నోట తగ్గుతూ వస్తున్న డచ్చి భాష మళ్ళీ నిలదొక్కుకోలేదు. ఇవాళ ఆ ఊరి పిల్లలు చెక్కబూట్లతో చక్కగా నాట్యం చేస్తారు. ఇళ్ళల్లో మాట్లాడుకునేది మాత్రం ఇంగ్లీషే.

పండుగ చేసుకోవడం తక్కువ పనేమీ కాదు. చెక్కపూలతో మొదలుపెట్టి నిజం పూలు పూయించిన ఊరిని మెచ్చుకోవలసిందే. కాని దుస్తులు పెట్టెలో దాచవచ్చు, వంట కాగితం మీద రాసి దాచవచ్చు. ట్యూలిప్ దుంప నాటితే వచ్చే వసంతానికి పూస్తుంది. భాషకు అలాంటి దుంప లేదు. తల్లి నోటి నుంచి బిడ్డ చెవిలో పడాలి, అంతే.

మన పిల్లలూ ఎందరో ఆ దేశంలో స్థిరపడ్డారు. అక్కడ సంక్రాంతి ముగ్గులూ వేస్తున్నారు, బతుకమ్మా ఆడుతున్నారు. సంతోషం. ఇక్కడున్న అమ్మమ్మలూ నానమ్మలూ చేయగలిగింది ఒకటుంది. మనవలు ఫోనులో పలకరించినప్పుడు, వాళ్ళు తడుముకున్నా సరే, తెలుగులోనే మాట్లాడండి. ఓ చిన్న కథ చెప్పండి. మన ఫోను మీద ఏ గవర్నరూ జరిమానా వెయ్యడు కదా!