కొండముచ్చు దొంగ కాదు

మన కొండల్లో తిరిగే ఏదో ఒక జంతువు గురించి చెప్పమని ఆకాశవాణి వారు అడిగారు. ఏనుగులూ చిరుతలూ ఎటూ రోజూ వార్తల్లో ఉంటాయి కనుక నేను కొండముచ్చును ఎంచుకున్నాను. నల్లమొహం, బూడిదరంగు బొచ్చు, బారెడు తోక మీకు తెలిసినవే. నా ముచ్చటంతా దాని పేరు మీద.

పాత తెలుగులో ముచ్చు అంటే దొంగ, ముచ్చిలించడం అంటే దొంగిలించడం. అందుకని కొండముచ్చు అంటే కొండదొంగ అని అర్థం చెప్పేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో నగరి, సత్యవేడు వైపు పోతే తమిళం వినబడుతుంది, కుప్పం దాటితే కన్నడం. ఈ జంతువును తమిళులు ముసు అన్నారు, సంగం కాలపు కవులకే ఆ పేరు తెలుసు. కన్నడిగులు ముసువ అంటారు. అక్కడ ఎవరికీ దొంగ గుర్తుకు రాడు. కాబట్టి ముచ్చు అన్నదే దాని అసలు పేరు, ముందు కొండను తగిలించింది మనం. దొంగ అనే ముచ్చు వేరే మాట.

పోనీ, బుద్ధి చూసినా అంతే. చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుని బుగ్గసంచుల్లో కుక్కుకునేది మామూలు కోతి. కొండముచ్చుకు ఆ సంచులే లేవు. ఆకులూ పూలూ కాయలూ తిని, అరలున్న పొట్టలో పులియబెట్టి అరిగించుకుంటుంది. కొండముచ్చు పెళ్లికి కోతి పేరంటాలు అన్న పెద్దలకు ఈ రెండింటి తేడా బాగానే తెలుసు.

కొండముచ్చుకు ఉన్న లంగూర్ అన్న పేరు సంస్కృత లాంగూలం, అంటే తోక నుంచి వచ్చింది. రామాయణంలో గోలాంగూలాలనే వానరాలకు నాయకుడు గవాక్షుడు. మన వైపు కొండముచ్చు జాతికి 1844లో బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు ట్రాయ్ రాజు ప్రియామ్ పేరు పెట్టాడు, ఎందుకో ఆయనకే తెలియాలి! తోక సంగతి మాత్రం చూడదగ్గది. నడిచేటప్పుడు ఉత్తరాది కొండముచ్చు తోక వీపు మీదుగా తలవైపు వంగుతుంది, మన దక్షిణాది వాటిది వెనక్కి వంగుతుంది.

చిన్నప్పుడు మా తాతతో ఆవుల వెంట భాకరాపేట అడవికి పోయేవాణ్ణి. ఒక మధ్యాహ్నం చెట్టు మీద నుంచి ఖఖ్, ఖఖ్ మని దగ్గినట్టు కొండముచ్చు అరుపు. తాత తింటున్న సంగటి ముద్ద అట్లే వదిలి లేచాడు. "చిరుత ఉండాది రా, ఆవుల్ని ఇట్లా తిప్పు" అన్నాడు. చిరుత మాకు కనబడలేదు. ఆయన అది కనబడేదాకా ఆగే మనిషి కాదు. ఆ అరుపును అర్థం చేసుకునే పశువుల కాపర్లు ఇప్పుడు ఎంతమంది మిగిలారు?

ఇప్పటి పిల్లలకు కోతీ కొండముచ్చూ రెండూ మంకీలే. కొండముచ్చును చూస్తే కోతులు భయపడతాయని, కోతుల బెడదకు పొలాల్లో కొండముచ్చు బొమ్మ ఉన్న ఫ్లెక్సీలు కట్టడం మాత్రం నేర్చాం. నిజమైన జంతువును తెచ్చి మెడకు తాడు కట్టి తిప్పేవాళ్లూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

ఘాట్ రోడ్డులో కారు ఆపి చిప్స్, బిస్కెట్లు విసిరేవాళ్లకు ఒక్క మాట. అది ఆకులు అరిగించుకునే పొట్ట. దయచేసి ఏమీ పెట్టకండి.