మినుకు లైటు, చేతి కుదుపు
చెడిపోయిన ట్యూబులైటు టపటపా కొట్టుకుంటుంటే కొందరికి భుజాలు, చేతులు ఎగిరిపడతాయి. సాంచా దగ్గర అలా జరిగితే వేళ్లకే ముప్పు. తాగొచ్చాడని జాబర్ కేకలేస్తాడు, గాలి సోకిందని ఇంట్లో తాయెత్తు కడతారు. రెండూ కాదు. ఆ మినుకులు కంటి ద్వారా మెదడు వెనుక భాగానికి చేరతాయి. అక్కడ పుట్టిన అలజడి కండరాలను కదిలించే భాగానికి పాకుతుంది. ఇక చెయ్యి మన మాట వినదు. సెకనుకు 15 నుంచి 25 మినుకులైతే మరీ ప్రమాదం. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు 12 సార్లు మెరిసేసరికి 600 మందికి పైగా, ఎక్కువగా పిల్లలే, ఆస్పత్రి పాలయ్యారు.

కుదుపు వస్తుందనిపిస్తే సాంచా వదిలి పక్కకు జరగండి, ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూయండి. రెప్పలు మూస్తే చాలదు, వెలుగు దూరుతూనే ఉంటుంది. డాక్టరుకు చూపించండి, మందులున్నాయి. కొట్టుకునే ట్యూబును (దాని ఖరీదెంతని!) ఆ షిఫ్టులోనే మార్చమని మేనేజరును అందరం కలిసి అడుగుదాం.