ఫోనులో దొరికిన కథ వాడలో చదువుదాం



మన కథ అచ్చు కావాలంటే ఒకప్పుడు పత్రికల గడప తొక్కాల్సిందే. ఆ గడప ఎవరిదో మనకెరికే. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి గోగు శ్యామల ఏరి కూర్చితేనే 'నల్లపొద్దు' అయింది.

ఇయ్యాల ఫేస్‌బుక్‌లో, 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపిలో మనోళ్లు ఎవరి అనుమతీ అడగకుండా కథలు పెడుతున్నారు. ఒక కథ కింద అభిప్రాయం రాసినోళ్ల పేర్లు పట్టుకుపోతే ఇంకో నలుగురు రచయితలు దొరుకుతారు. మేం అట్లాగే వెతుక్కుంటున్నాం.

అయితే ఆ గోడ మనది కాదు, కంపెనీది. పొద్దున కనిపించిన కథ మాపటికి అడుక్కి పోతది. అందుకే రచయితను అడిగి నోటుబుక్కులో ఎక్కిద్దాం. అంబేద్కర్ విగ్రహం కాడ చదువుదాం. చదువురాని మన అమ్మలు ఏమన్నరో రచయితకు చేరేద్దాం. లైకుకన్నా అదే బలం!